వీరభద్రం గారి చెవి కొలత

సత్తిబాబుకి వైర్‌లెస్ అంటే అసలు వైరన్నదే ఉండదని గట్టి నమ్మకం. అందుకని మేడమీద ప్రొజెక్టరు గది కట్టించేటప్పుడు గోడల్లో ఒక్క ప్లగ్గు పాయింటు కూడా పెట్టించలేదు. కాకినాడలో ఐసు ఫ్యాక్టరీ నడిపే మనిషి, కరెంటు సంగతి తెలియనివాడేం కాదు. అయినా స్పీకర్లు బిగించడానికొచ్చిన జలజ వాటిని పెట్టెల్లోంచి తీసి, ఒక్కోదాని వెనకనుంచి నల్లటి తోక బయటికి లాగేసరికి ఆయన మొహం మాడిపోయింది.

"ఏంటండీ జలజగారూ, వైరు లేదన్నారు గదా?"

"శబ్దానికి లేదండీ. కరెంటు గాల్లో ఎలా వస్తదండీ?"

"ఆ ముక్క ముందే చెప్పాలి గదండీ మరి."

"చెప్పానండీ. మీరు ఫోన్లో ఎవరితోనో మాట్లాడతా ఆయ్, ఆయ్ అన్నారు."

సత్తిబాబు భార్య నూకరత్నం గుమ్మంలో నిలబడి నవ్వింది. "ఈయన సగం మాటే వింటారమ్మా. మిగతా సగం ఈయనే కలుపుకుంటారు" అంది.

ఎలక్ట్రీషియన్ని పిలిపించి, గోడలమీదుగా పట్టీలు కొట్టించి, పాయింట్లు ఇప్పించారు. తెర కింద మూడు స్పీకర్లు, పక్క గోడలకి రెండు, వెనక రెండు, మూలన నేల అదిరే మోతలకి సబ్‌ఊఫరు. వాటి మధ్య తీగ లేదు. ఒకదాన్నొకటి అవే వెతుక్కుని, ఎవరెంత దూరంలో ఉన్నారో కొలుచుకుని, తెరమీద పెదవి కదిలిన క్షణానికే మాట వచ్చేలా సర్దుకుంటాయి. కింద హాల్లో ఉన్న వైఫై పెట్టె వాటి మాటలకి అడ్డం పడుతోందని జలజ దాని ఛానెలు మార్చింది. సబ్‌ఊఫరు మోగినప్పుడల్లా గాజు బీరువాలో సత్తిబాబు కుర్రతనంలో గెలిచిన క్రికెట్ కప్పులు గలగలమంటుంటే, బీరువా వరండాలోకి మార్పించింది. ఇంతవరకూ ఏ కంపెనీ మనిషైనా చేసే పనే. జలజ ప్రత్యేకత వేరే ఉంది.

మన చెవి విని ఊరుకోదు. శబ్దం లోపలికి వెళ్ళగానే చెవిలోని సన్నటి కణాలు కదిలి, బదులుగా తామూ ఓ చిన్న శబ్దం చేస్తాయి. అది మనకే వినపడనంత చిన్నది. ఆసుపత్రిలో పసిబిడ్డల చెవిలో గొట్టం పెట్టి ఆ బదులే పట్టుకుంటారు. వచ్చిందంటే చెవి బాగున్నట్టు. జలజ ఏళ్ల తరబడి కుస్తీ పట్టి, గొట్టం అక్కర్లేకుండా గది అవతలినుంచే ఆ బదులు పట్టే మైకు తయారుచేసింది. ప్రతి స్పీకరులోనూ అలాంటిదొకటి ఉంటుంది. మీరు కుర్చీలో కూచోగానే స్పీకర్లు నాలుగు టిక్కులు వదులుతాయి, మీ చెవి ఏమందో వింటాయి, ఆ కుర్చీకి పంపే శబ్దాన్ని మీకు తగ్గట్టు సర్దేస్తాయి. పక్క కుర్చీకి వేరే సర్దుబాటు.

అయితే సర్దడానికో కొలమానం కావాలి గదా. ఒక మంచి చెవిని చూపించి, అందరి చెవులూ ఇలా బదులు పలికేదాకా శబ్దాన్ని పెంచో తగ్గించో సరిచెయ్యమని యంత్రానికి చెప్పాలి. మంచి చెవి కోసం జలజ ఊళ్లు తిరగలేదు. ఇంట్లోనే ఉంది, వాళ్ల నాన్నది.

సౌండు వీరభద్రం అంటే గోదావరి జిల్లాల్లో సినిమా హాళ్లవాళ్లకి తెలియనివాడు కాదు. కొత్త హాలు తెరిచినా, పాత హాల్లో స్పీకర్లు మార్చినా, ముందు ఆయనొక్కడే లోపలికెళ్లి మధ్య కుర్చీలో కూచునేవాడు. తలుపులు మూసేసేవారు. హాలు యజమానైనా సరే బయట నిలబడాల్సిందే. ఓ రీలు ఆడాక ఆయన తలుపు తీసుకొచ్చి "ఆడించుకోండి" అంటేనే టిక్కెట్లు తెగేవి. తను తప్ప పనిచేసేవాళ్లెవరూ ప్రేక్షకుల కుర్చీల్లో కూచోకూడదన్నది ఆయన పెట్టిన కట్టుబాటు. జలజ ఆయన వెంట తిరిగి పని నేర్చుకుంది కాబట్టి కట్టుబాటూ నేర్చుకుంది. ఇప్పటికి ఎన్నో ఇళ్లలో ఈ స్పీకర్లు బిగించింది గాని, ఏ ఇంట్లోనూ కుర్చీలో కూచున్న పాపాన పోలేదు. తలుపు దగ్గర నిలబడి ల్యాప్‌టాప్‌లో గీతలు చూసుకునేది, అంతే.

ఆవేళా అదే పద్ధతి. వీరభద్రం ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి సత్తిబాబు గదిలో మధ్య కుర్చీలో కూచున్నాడు. తలుపు మూశారు. కాసేపటికి బయటకొచ్చి "ఆడించుకోండి" అన్నాడు. సత్తిబాబు పొంగిపోయి, అందరికీ స్వీట్లు పంచినంత పనిచేశాడు.

మొదట ఏం వెయ్యాలన్నదానికి ఆ ఇంట్లో వాదన లేదు. వాళ్లమ్మాయి హారిక మొన్న టౌనుహాల్లో కూచిపూడి రంగప్రవేశం చేసింది. ఆ వీడియో వేశారు. మొగుడూ పెళ్లాలు చెరో కుర్చీలో కూచున్నారు. స్పీకర్లు టిక్కుమన్నాయి. తెరమీద హారిక పెద్దదిగా వచ్చి నిలబడింది, మృదంగం గది నిండా మోగింది. సత్తిబాబు కళ్లు తుడుచుకున్నాడు. నూకరత్నం మాత్రం కాసేపు చూసి, కుర్చీలో ఇటూ అటూ కదిలి, మొగుడివైపు తిరిగింది.

"ఏవండీ, పాప ఆవేళ గజ్జెలు కట్టుకుంది గదా?"

"కట్టుకోకుండా ఎలా ఆడుద్దే?"

"మరి ఏవీ?"

"సౌండు మెత్తగా లేదూ. ఖరీదైన సౌండు ఇలాగే ఉంటదేమో."

నూకరత్నం ఒప్పుకోలేదు. గజ్జెలు లేవు, తాళం కూడా గుడ్డచుట్టి కొట్టినట్టుంది అంది. వీరభద్రం చిన్నగా నవ్వాడు. ఆయన ఇలాంటివి చాలా చూశాడు. "తీసినవాడి మైకు దూరంగా ఉండుంటది తల్లీ. ఉన్నదాన్ని వినిపిస్తాం గాని లేనిదాన్ని తేలేం గదా" అన్నాడు.

నూకరత్నం ఫోను తీసి, అదే వీడియో పెట్టింది. ఆ చిన్న ఫోనులోంచి గజ్జెలు ఘల్లుఘల్లున మోగాయి. తలుపు దగ్గరున్న జలజకి కూడా స్పష్టంగా వినపడ్డాయి. వీరభద్రం ఫోను అందుకుని చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని విన్నాడు. అందరూ ఆయన మొహంకేసే చూస్తున్నారు.

"ఇందులో మాత్రం ఎక్కడున్నాయమ్మా గజ్జెలు? మద్దెలే గదా ఇది" అన్నాడు.

నూకరత్నం ఆయన్ని చూసి, జలజని చూసి, ఫోను వెనక్కి తీసుకుంది. "నా ఫోను పాతదైపోయింది లెండి బాబాయిగారూ. రండి, కాఫీ తాగుదురుగాని" అంది. ఆ ఒక్కమాటకి జలజ ఆవిడకి లోపలే దండం పెట్టుకుంది.

తిరిగొచ్చేటప్పుడు వ్యానులో వీరభద్రం అన్నాడు, "ఆవిడ చెవుల్లో ఏదో తేడా ఉన్నట్టుందే. నీ యంత్రం చూపించలేదా?"

జలజ స్టీరింగు గట్టిగా పట్టుకుని రోడ్డుకేసే చూస్తూ, "చూస్తాను నాన్నా" అంది.

ఇంటికొచ్చేసరికి వాళ్లమ్మ మంగతాయారు వంటింట్లో ఉంది. కూర మూత తీస్తూ, "భోజనానికి రమ్మను" అంది జలజతో. రమ్మనవలసిన మనిషి నాలుగడుగుల దూరంలో చొక్కా విప్పుకుంటున్నాడు. రెండేళ్లుగా ఆ ఇంట్లో మాటల రాకపోకలన్నీ జలజ మీదుగానే.

అంతకు ముందు వాళ్లిద్దరూ బాగా పోట్లాడుకునేవారు, బాగా నవ్వుకునేవారు. మంగతాయారు కంటికి శుక్లం ఆపరేషను జరిగినప్పుడు మొదలైంది ఈ మౌనం. ఆపరేషను ముందురోజు ఆవిడ సింకు దగ్గర గిన్నెలు తోముతూ, "ఏవండీ, నాకు భయంగా ఉందండీ. రేపు మీరు కూడా రండి" అంది. భయమని మొగుడికి చెప్పుకోవడం ఆవిడకి అదే మొదటిసారి. ఆయన తల ఊపి, చొక్కా తగిలించుకుని, ఏదో హాల్లో పనుందని వెళ్లిపోయాడు. మర్నాడూ రాలేదు. జలజే తీసుకెళ్లింది. కట్టు విప్పాక కూడా మంగతాయారు ఆయన్ని ఎందుకు రాలేదని అడగలేదు. అడిగితే చిన్నబోతాననుకుంది. జలజకి మాత్రం వెయ్యిసార్లు చెప్పింది, "నా మాటంటే ఆయనకి లెక్కలేదే" అని.

ఇటు వీరభద్రం ఫిర్యాదులు ఆయనకున్నాయి. ఈ కాలంలో ఎవరికీ నోరు తెరిచి మాట్లాడటం రాదంటాడు. సినిమాల్లో హీరోలు నోట్లో నోట్లో గొణుక్కుంటున్నారంటాడు. కాకినాడలో పిచ్చికలు పూర్తిగా పోయాయనీ, కీచురాళ్లు సైతం లేవనీ, అంతా మందులు కొట్టడంవల్లేననీ వచ్చిన ప్రతివాడికీ చెబుతాడు. ఆయన చెప్పేటప్పుడు మామిడికొమ్మ మీద పిచ్చికలు అరుస్తూనే ఉంటాయి. విన్నవాళ్లు పెద్దాయన పల్లెటూళ్ల సంగతి చెబుతున్నాడనుకుంటారు. జలజా ఇన్నాళ్లూ అలాగే అనుకుంది. ఇప్పుడు అన్నం కలుపుకుంటూ ఒక్కొక్కటే గుర్తు చేసుకుని, సగంలోనే లేచింది.

పై గది జలజ ప్రయోగశాల. దానిలోనూ మధ్యన ఓ కుర్చీ ఉంది, నాన్న కుర్చీ. చెయ్యి కడుక్కుని పైకెళ్లి, తలుపేసుకుని, జీవితంలో మొదటిసారి ఆ కుర్చీలో కూచుంది. స్పీకర్లు టిక్కుమన్నాయి. తన చెవులు బదులిచ్చాయి, యంత్రం సర్దింది. హారిక వీడియో పెట్టింది.

గజ్జెలు లేవు. మృదంగంలో ఎడంచేతి దెబ్బ ఉంది, కుడిచేతి టంకారం లేదు. పాడేవాళ్ల గొంతుల్లో అచ్చులున్నాయి గాని హల్లుల అంచులన్నీ అరిగిపోయాయి. ఎక్కడా తప్పున్నట్టు మాత్రం అనిపించదు. కాస్త దూరంగా, మెత్తగా, మర్యాదగా ఉంటుంది. సత్తిబాబుకి ఖరీదైన సౌండు అనిపించింది ఇదే.

పాత గీతలు తెరిచి చూసింది. నిరుడు నాన్నని కూచోబెట్టి కొలిచినప్పుడు, సన్నటి శబ్దాల దగ్గర ఆయన చెవినుంచి బదులే రాలేదు. అది తనకి తెలుసు. తన మైకుకి అంత శక్తి లేదేమో అనుకుంది. మైకుని అనుమానించి నెల్లాళ్లు దాన్ని విప్పి బిగించింది గాని, నాన్న చెవిని అనుమానించాలని ఒక్కసారీ తోచలేదు. చివరికి విసిగి, అక్కడ బదులు రాకపోవడమే సరైనదని యంత్రానికి నేర్పేసింది. యంత్రం బుద్ధిమంతురాలు, చెప్పినట్టు చేసింది. ఎవరి చెవి సన్నటి శబ్దానికి బదులిచ్చినా, అది అక్రమమనుకుని ఆ శబ్దాన్ని తగ్గించుకుంటూ పోయింది. స్పీకర్లు బిగించిన ప్రతి ఇంట్లోనూ పిల్లలూ పెద్దలూ అందరూ డబ్బు పోసి కొనుక్కుని మరీ వీరభద్రం విన్నట్టు వింటున్నారు. ఆయన "ఆడించుకోండి" అన్నాక లోటు ఉందని ఎవడంటాడు? నూకరత్నం తప్ప ఎవరూ అనలేదు.

జలజకి మొదట వచ్చింది సిగ్గు. తర్వాత భయం. ఆ తర్వాత ఆలోచన వచ్చింది. నమూనాలో తన చెవి పెట్టేసి, రాత్రికి రాత్రి అన్ని ఇళ్లకీ ఇంటర్నెట్టులో పంపేస్తే సరి. ఎవరికీ తెలియదు. నాన్న మళ్లీ అందరికంటే ముందు కూచుని "ఆడించుకోండి" అంటాడు, ఆయన మర్యాద ఆయనకుంటుంది. ఇంత తేలిక. కాని నమూనా మారిన మరుక్షణం ఆ కుర్చీలో కూచున్న నాన్నకి యంత్రం సన్నటి శబ్దాలు పెంచి వినిపిస్తుంది. ఆయనకి తెలిసిపోతుంది. కూతురు తనని మోసం చేసిందనీ తెలుస్తుంది. అదొక్కటీ కాదు. కింద వంటింట్లో ఓ మనిషి రెండేళ్లుగా మొగుడికి తనమీద మనసు విరిగిందనుకుని బతుకుతోంది. అది దాచి కాపాడే మర్యాద ఎవరిక్కావాలి?

చెప్పాలి, అంతే. జలజకి ఒకసారి నిశ్చయం కుదిరిందంటే ఇక డొంకతిరుగుడు ఉండదు. ఆ గుణం ఆవిడకి తండ్రినుంచే వచ్చింది.

మర్నాడు పొద్దున్నే వీధిగేటు ముందు కుర్చీ వేసింది, చుట్టూ నాలుగు స్పీకర్లు నిలబెట్టింది. చేపలమ్మే పోలమ్మని కూచోమంది. పాలబ్బాయినీ, బడికెళ్లే పిల్లల్నీ, పక్కింటి రిటైర్డు హెడ్మాస్టరునీ, దారినపోయే వాళ్లనీ బతిమాలి కూచోబెట్టింది. "చెవి చూసి జాతకం చెబుతావేంటి పాపా?" అంది పోలమ్మ. రెండు రోజులకి వీధి వీధంతా చెవులిచ్చింది. వాటన్నిటినీ కలిపి కొత్త కొలమానం కట్టింది జలజ. బాగా వినేవాళ్ల శబ్దాన్ని ముట్టుకోవద్దు, తక్కువ వినేవాళ్లకి ఎంత తక్కువో అంత పెంచు అని యంత్రానికి ఈసారి సూటిగా చెప్పింది.

వీరభద్రం అరుగుమీద పేపరు చదువుతూ ఇదంతా చూశాడు. "నా చెవి చాలదా ఏంటే?" అని అడిగాడు.

"పైకి రా నాన్నా, చెబుతాను."

కుర్చీలో కూచోబెట్టి కొత్త కొలమానంతో వీడియో పెట్టింది. వీరభద్రం ఒక్కసారి వెనక్కి జరిగాడు. "స్పీకరు చిరిగిపోయిందే. ఏంటీ గరగర?"

"చిరగలేదు నాన్నా. కాసేపు విను."

ఆయన విసుగ్గా విన్నాడు. వింటూ వింటూ ఉండగా మొహంలో విసుగు పోయింది. హారిక కాలు నేలకి తగిలిన ప్రతిసారీ ఆయన వేళ్లు కుర్చీ చేతిమీద కదిలాయి. "ఇవేంటి?" అన్నాడు.

"గజ్జెలు."

"మొన్న ఫోన్లో..."

"ఉన్నాయి నాన్నా. మాకందరికీ వినపడ్డాయి. నీకే వినపడలేదు."

తర్వాత జరిగింది చెప్పడం కష్టమే. వీరభద్రం లేచి నిలబడ్డాడు. నా చెవి పోయిందంటావా అన్నాడు. నువ్వు పుట్టకముందు నుంచీ ఈ చెవితో హాళ్లు నిలబెట్టినవాణ్ణి, మొన్నమొన్నటి నీ డబ్బాలు నాకు చెబుతాయా అన్నాడు. జలజ ఎదురు చెప్పలేదు, తగ్గలేదు కూడా. గీతలు తెరిచి, తప్పెక్కడ జరిగిందో చూపించింది. మైకుని అనుమానించి నిన్ను అనుమానించకపోవడం నాదే తప్పు నాన్నా అంది. ముప్ఫయ్యేళ్లు తెర వెనక ఆ పెద్ద హారన్ స్పీకర్ల పక్కన నిలబడి పనిచేస్తే ఎవరి చెవైనా ఇంతేనంది.

వీరభద్రం మళ్లీ కుర్చీలో కూచున్నాడు. కోపం దిగిపోయాక మనిషి చిన్నవాడైపోయాడు.

"అనుమానం ఉందే నాకు" అన్నాడు. "పిచ్చికలు లేవంటాను గదా. ఓరోజు ఒకటి కిటికీలో కూచుని అరుస్తోంది. నోరు తెరుస్తోంది, మూస్తోంది. నాకేం వినపడలా. ఎవరికీ చెప్పలేదు. ఈ చెవి లేదంటే ఇంక నాదగ్గరేవుందే? ఒట్టి ముసలాణ్ణి."

జలజకి ఏడుపొచ్చింది, ఏడ్చేసింది కూడా. ఆయన పై కండువాతో కూతురి మొహం తుడిచి, తనూ తుడుచుకుని, "మళ్లీ వెయ్యి" అన్నాడు. వేసింది. మళ్లీ అన్నాడు. గజ్జెలు, తాళం, కుడిచేతి టంకారం, ఒక్కోటీ వేలు చూపించి పేరు పెట్టాడు. చివరికి తలుపుకేసి చూసి, "అది దాటితే పోద్దా?" అని అడిగాడు.

"పోద్ది నాన్నా. బయటికైతే చెవిలో మిషను పెట్టుకోవాలి."

"పెట్టుకుందాంలే. ముందు ఆ తల్లి దగ్గరికి తీసుకెళ్లు నన్ను."

సత్తిబాబు ఇంట్లో జలజ స్పీకర్లకి కొత్త కొలమానం ఎక్కించింది. ఈసారి వీరభద్రం ముందు కూచోలేదు. "మీరు కూచోండమ్మా" అన్నాడు నూకరత్నంతో. ఆవిడ మొహమాటపడింది. కూచోక తప్పలేదు. తలుపు మూసి ఆయనా, జలజా, సత్తిబాబూ వరండాలో నిలబడ్డారు. తన గది బయట తను నిలబడాల్సి రావడం సత్తిబాబుకి బొత్తిగా నచ్చలేదు.

నూకరత్నం తలుపు తీసుకుని వచ్చింది. కళ్లు మెరుస్తున్నాయి. "వచ్చాయండీ. ఒక్కో మువ్వా వినపడుతోంది" అంది.

"మొన్న కూడా మీరన్నదే నిజమమ్మా" అన్నాడు వీరభద్రం. "మైకుది తప్పు కాదు, మీ ఫోనుది కాదు. నా చెవి పోయింది. పోయిన చెవిని పెట్టి మీ అందరికీ కొలిచాం. మా అమ్మాయికి నామీదున్న గౌరవం దాని కొంప ముంచింది."

సత్తిబాబు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. జలజ మిగతా ఇళ్లకి ఇంటర్నెట్టులోనే పంపించేస్తానంటే వీరభద్రం ఒప్పుకోలేదు. ప్రతి గుమ్మమూ ఎక్కుదాం, మాట నేనిచ్చాను గనక నేనే వెనక్కి తీసుకుంటాను అన్నాడు. అన్నట్టే ఎక్కాడు. కొందరు జాలిపడ్డారు, ఒకాయన మాత్రం ఇన్నాళ్ల మెత్తటి సౌండే బాగుంది, దాన్నే ఉంచెయ్యమన్నాడు.

ఇక తమ ఇల్లు మిగిలింది. అసలు కష్టం అక్కడే. మంగతాయారుకి జలజ విషయం చెబితే, "ఆయనకి వినపడదా? తనక్కావలసినవి బాగానే వినపడతాయి" అని కొట్టిపారేసింది. కొంత నిజమే. ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడే మగాళ్ల మాటలు ఆయనకి అందుతాయి. వీపు తిప్పి, గిన్నెల చప్పుళ్ల మధ్య, సన్నగా మాట్లాడే ఆడమనిషివే అందవు.

"నీకు చెబితే నమ్మవు గాని, పైకొచ్చి కూచో" అంది జలజ.

ఆ పాత నమూనా, తన చేత తప్పు చేయించిన నాన్న చెవి, జలజ తుడిచెయ్యలేదు. పొద్దున వంటింట్లో అమ్మ గోంగూర ఒలుస్తూ మాట్లాడిన కబుర్లు అడిగే రికార్డు చేసుకుంది. మంగతాయారు కుర్చీ అంచున కూచుంది. వీరభద్రం తలుపు దగ్గర నిలబడ్డాడు. మొదట మామూలుగా వినిపించింది. మంగతాయారు తన గొంతు విని మూతి తిప్పుకుంది. తర్వాత జలజ నాన్న చెవి పెట్టింది.

"ఇదెవరే? గోడవతల ఎవరో గొణుగుతున్నారు."

"నువ్వేనమ్మా."

"నేనా?"

మంగతాయారు మళ్లీ వినిపించమంది. ఈసారి ముందుకి వంగి, మెడ చాచి, ఒక్క మాటైనా పట్టుకోవాలని ప్రయత్నించింది. తను అన్న మాటలే. పొద్దున అన్నవే. అయినా అందలేదు. స్పీకర్లు ఆగిపోయాక కూడా చాలాసేపు కదల్లేదు.

"ఆపరేషను ముందురోజు" అంది ఆవిడ చివరికి, నేలకేసి చూస్తూ. తర్వాత ఆగింది. నేలకేసి చూస్తే ఆయనకి అందదని అప్పుడే తెలిసింది. లేచి వెళ్లి ఆయన ఎదురుగా నిలబడి మొహం ఎత్తింది. రెండేళ్ల తర్వాత సూటిగా ఆయనతో మాట్లాడింది. "ఆపరేషను ముందురోజు మీకో మాట చెప్పానండీ. గుర్తుందా?"

వీరభద్రం ఆవిడ పెదాలకేసి చూస్తూ విన్నాడు. "ఏదో అన్నావని తెలుసు తాయారూ. ఏమన్నావో తెలీదు. మళ్లీ అడిగితే విసుక్కుంటావని తలూపేశాను. అప్పటికే రోజూ అలాగే తలూపుతున్నాను."

మంగతాయారు కళ్లనీళ్లు పెట్టుకుంది. వీరభద్రానికి కంగారు పుట్టింది. "ఏమన్నావు?" అన్నాడు. "అంత పెద్ద మాటా?"

ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఇంకో కన్నుకి కూడా శుక్లం ముదిరిందన్నాడు డాక్టరు. వెళ్లకుండా ఏడాదిగా నానుస్తున్నాను. నాకు భయంగా ఉందండీ. మీరు తోడు రండి."

వీరభద్రం తల ఊపాడు.

"తలూపితే కుదరదు. నేనేమన్నానో చెప్పండి."

ఆయన ఓసారి గొంతు సవరించుకున్నాడు. కూతురికేసి చూడలేదు, యంత్రంకేసి చూడలేదు. "భయంగా ఉందన్నావు" అన్నాడు. "తోడు రమ్మన్నావు. వస్తాను."